మాస్టారి నోటుబుక్‌లో లేని అంకె

నేను కాకినాడలో ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తాను. పక్షవాతంతో ఎడమ పక్క చచ్చుబడిన ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంటికి పోయిన ఏడాది ఆరు నెలలు వెళ్లాను. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి, చేసిన వ్యాయామాలన్నీ ఆయనే నోటుబుక్‌లో రాసుకునేవారు. కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడటం 10 సార్లు, కుర్చీలోంచి లేవడం 15 సార్లు, మొత్తం 25 నిమిషాలు. స్కేలుతో గీసిన గళ్లు, గుండ్రటి దస్తూరీ. చూస్తే ముచ్చటేసేది.

రెండో నెల చివర బెర్గ్ పరీక్ష పెట్టాను. తూలిపోకుండా నిలదొక్కుకునే శక్తిని, అంటే బ్యాలెన్స్‌ని కొలవడానికి కెనడాలో కేథరిన్ బెర్గ్ 1989లో తెచ్చిన పరీక్ష. 14 పనులు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 56 మార్కులు. కళ్లు మూసుకుని 10 సెకన్లు నిలబడాలి, తన చుట్టూ తాను తిరగాలి, ఒంటికాలి మీద నిలబడాలి. మాస్టారికి 38 వచ్చింది. మొదటి నెలలోనూ 38 మార్కులే. నోటుబుక్‌లో మాత్రం 10 సార్లు 30 సార్లయ్యాయి.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. అలవాటైపోయి తేలికైన పనినే మూడింతలు చేయిస్తున్నాను. ఎన్నిసార్లు అన్నది పెరిగింది, ఎంత కష్టం అన్నది తగ్గిపోయింది. రెండోది ఎవరం రాయడమే లేదు.

బరువులెత్తేవాళ్లకు కిలోలున్నాయి. బ్యాలెన్స్‌కి ఏముంది? నాడి చూద్దామంటే, మాస్టారు బీపీకి వేసుకునే బీటా బ్లాకర్ మాత్ర గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఆ మాత్ర లేకపోయినా, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడితే ఆయాసం రాదు, కాలు మాత్రం వణికిపోతుంది. స్వీడన్‌లో గున్నార్ బోర్గ్ తయారుచేసిన 6 నుంచి 20 స్కేలు కూడా ఎంత శ్రమగా ఉందనే అడుగుతుంది. శ్రమ వేరు, తూలిపోతానేమో అనిపించడం వేరు.

ఆస్ట్రేలియాలో మెలనీ ఫార్లీ బృందం బ్యాలెన్స్ వ్యాయామాల మీద జరిగిన ప్రయోగాలన్నీ చూసి 2013లో ఇదే రాసింది. ఎన్ని రోజులు, ఎంతసేపు అన్నది ఉంది, బ్యాలెన్స్‌ని ఎంత కష్టపెట్టారో కొలిచింది లేదు. తర్వాత వాళ్లే చేయించేవాళ్లకొకటి, చేసేవాళ్లకొకటి స్కేళ్లు తయారుచేశారు. ఇద్దరినీ అడగాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది.

మర్నాడు మాస్టారితో, "ఇకనుంచి ప్రతి వ్యాయామానికీ 0 నుంచి 10లో ఓ అంకె వేద్దాం" అన్నాను.

"దీనికి యూనిట్ ఏంటమ్మా?"

"యూనిట్ లేదు మాస్టారూ."

"అలాంటప్పుడు 0 ఎక్కడో, 10 ఎక్కడో ముందు తేల్చాలి కదా."

ఆయనే తేల్చారు. గోడకు ఆనుకుని నిలబడితే 0. పడబోతే నేను ఆయన నడుము బెల్టు పట్టి ఆపితే 10. మధ్యవి నేను చెప్పాను. చీలమండ దగ్గర కాస్త కదిలితే 3, చేతులు పైకి లేస్తే 5, అడుగు వేసి నిలదొక్కుకుంటే 7, కుర్చీ పట్టుకుంటే 8. ఇది మా ఇంటి లెక్కే, ఏ పుస్తకంలోదీ కాదు. 4కి తగ్గితే పని మార్చాలి, 7 దాటితే తేలిక చెయ్యాలి అనుకున్నాం. గది మూలన, వెనక రెండు గోడలు, ముందు కుర్చీ పెట్టుకుని మొదలుపెట్టాం. 30 సార్లు పోయి 6 సార్లకు వచ్చాం. నేల మీద నుంచి మడత పెట్టిన బొంత మీదకు, తర్వాత బొంత మీదే తల అటూ ఇటూ తిప్పడానికి.

మొదటి వారమే తేడా వచ్చింది. ఆయన 3 అన్నచోట నేను 7 వేశాను. ఎడమ పాదం కొట్టుకుంటోంది, చెయ్యి కుర్చీ వైపు వెళ్తోంది, ఆయనకు తెలియడం లేదు. మెదడు కుడి భాగంలో దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి ఎడమ పక్క సంగతి సరిగా తెలియదు. ఆయన అంకె ఒక్కటే నమ్మి ఇంకా కష్టమైన పని ఇచ్చి ఉంటే పడిపోయేవారు. నాది ఒక్కటే రాసి ఉంటే, ఆయనకు తెలియడం లేదన్న సంగతి నాకూ తెలిసేది కాదు. రెండు గడులూ ఉంచాం. మూడో నెలకు తేడా ఒకటి, రెండుకు తగ్గింది. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయిదో నెలలో బెర్గ్ 45.

మధ్యలో మాస్టారి భార్య, పిన్నిగారు, తనకూ ఓ గడి గీయమన్నారు. నేను లేనప్పుడు ఆయన్ని చూసేది ఆవిడే. దండెం మీద తువ్వాలు అందుకోవడానికి ఆవిడ పొద్దున 4 వేసేవారు. అదే పనికి సాయంత్రం నాలుగింటికి 7. దాదాపు రోజూ అంతే. నేను వెళ్లేది పొద్దున్నే, ఆ 7 నాకెప్పుడూ కనపడలేదు. అప్పటిదాకా ఆయన సాయంత్రం స్నానానికి ఒక్కరే వెళ్లేవారు. మర్నాటి నుంచి బాత్‌రూం గుమ్మం దగ్గర పిన్నిగారు స్టూలేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు.