ముల్లు కదలని రోజు

మే 28, గుంటూరు

రోహిణి కార్తె వచ్చి మూడు రోజులైంది. రోళ్లు పగలడం నేను చూడలేదుగానీ, పొద్దున్న తొమ్మిదింటికే కారు స్టీరింగు చురుక్కుమంది. విజయవాడలో పిన్నికి ఆవకాయ జాడీ ఇచ్చి రావాలి. నాన్నగారు తానూ వస్తానన్నారు. ఆయన కారెక్కారంటే రెండేసి లీటర్ల నీళ్ల సీసాలు రెండు ఎక్కినట్టే. తాగడానికి కాదు, రేడియేటర్‌లో పోయడానికి. అంబాసిడర్ అమ్మేసి పాతికేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

ఈసారి ఆయనకు కాలక్షేపం కూడా దొరికింది. పోయిన వారం మా అబ్బాయి స్టీరింగు కింద ఉండే సాకెట్‌లో అగ్గిపెట్టెంత పరికరం ఒకటి గుచ్చి వెళ్లాడు. ఇంజను చుట్టూ తిరిగే కూలెంట్ ఎన్ని డిగ్రీల వేడి మీద ఉందో అది ఫోనులో అంకెల్లో చూపిస్తుంది. బయలుదేరేటప్పుడు 35. రాత్రంతా నీడలో నిలిచిన బండి కాబట్టి గాలి వేడే దాని వేడి. ఊరు దాటేసరికి 70. నాగార్జున విశ్వవిద్యాలయం దగ్గర 89.

"ఎనభై తొమ్మిదమ్మా! ఇంకో పదకొండైతే నీళ్లు మరుగుతాయి. పక్కకు ఆపు."

"వేడి చూపించే ముల్లు మధ్యలోనే ఉంది కదా నాన్నా" అన్నాను. ఆయన ముల్లును నమ్మలేదు, నన్నూ నమ్మలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుని కాజా టోల్‌గేటు దాకా అంకెలు పైకి చదువుతూనే ఉన్నారు. రోడ్డు మీద వేగంగా పోతున్నంతసేపూ 88, 89, 88. వారధి మీద లారీల వెనక చిక్కుకున్నాక మొదలైంది అసలు సంగతి. 94, 97, 101. నా గుండె కూడా ఒకసారి జారింది. అంతలో బానెట్ కింద ఫ్యాను హోరు పెరిగింది. అంకె మెల్లగా 95కు దిగింది. మళ్లీ 101, మళ్లీ హోరు, మళ్లీ 95.

ఇంత జరిగినా డ్యాష్‌బోర్డు మీద ముల్లు వెంట్రుకవాసి కదలలేదు. 80 దగ్గర ఎక్కడుందో 101 దగ్గరా అక్కడే. పదేళ్లుగా దాన్ని చూసుకుని నిశ్చింతగా ఉన్నదాన్ని, నన్ను జోకొడుతోందేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది.

మొగల్రాజపురంలో కారు ఆపానో లేదో, నాన్నగారు భుజం మీద తువ్వాలు చేతికి చుట్టుకుని బానెట్ ఎత్తమన్నారు. రేడియేటర్ మూత తీస్తారట. గేటు దగ్గరే గట్టిగా అరిచాను, పక్కింటివాళ్లు తొంగి చూసేంతగా. ఆయన కుడి ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉంది. చిలకలూరిపేట దగ్గర అంబాసిడర్ మూత తీసినప్పటిది. ఆ మచ్చ ఉన్న చేతికే తువ్వాలు చుట్టుకున్నారు!

పిన్ని పెట్టిన భోజనం చేసి, కాస్త నడుం వాల్చి, ఆటోనగర్‌లో మా మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతను అంతా విని నవ్వాడు. "అది థర్మామీటర్ కాదమ్మా. కొంచెం అటూ ఇటూ అయినప్పుడల్లా కదిలితే మీలాంటివాళ్లు రోజూ నా దగ్గరికే వస్తారని కంపెనీవాళ్లే దాన్ని మధ్యలో నిలిచేలా చేస్తారు. మధ్య దాటి ఎక్కడం మొదలుపెట్టిందంటే మాత్రం ఇక ఆలోచించకూడదు." చాలా కార్లకు 90 నుంచి 105 దాకా మామూలేనట.

మరి వందకు మరగవా? దీనికి అతని కంటే ముందు నాకే జవాబు తట్టింది, వంటింట్లోంచి. కుక్కర్‌లో నీళ్లు 120 డిగ్రీల దాకా ఎక్కుతాయి, మూత బిగించి ఉంటుంది కాబట్టి. రేడియేటర్ మూతా అంతే, లోపల ఒత్తిడి నిలబెడుతుంది. పైగా కూలెంట్‌లో గ్లైకాల్ కలిసి ఉంటుంది కాబట్టి అది వట్టి నీళ్లకంటే ఆలస్యంగా మరుగుతుంది. విజిల్ రాకుండా కుక్కర్ మూత లాగే మనిషి మా ఇంట్లో లేడు. కారు మూత లాగే మనిషి ఉన్నాడు.

నాన్నగారు ఊరుకుంటారా? "మా రోజుల్లో థర్మోస్టాట్ పీకి పారేసేవాళ్లం, ఇంజను చల్లగా నడిచేది" అన్నారు. మెకానిక్ మర్యాదగానే ఖండించాడు. "చల్లగా నడవడం మంచిది కాదు బాబాయిగారూ. ఇంజను వేడెక్కేదాకా ఆ థర్మోస్టాట్ మూసుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వదు, ఎనభై దాటాక మెల్లగా తెరుచుకుంటుంది. అది లేకపోతే బండి వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ పలచబడదు, అరుగుదల పెరుగుతుంది." నాన్నగారు మౌనంగా మెకానిక్ ఇచ్చిన టీ తాగారు. ఆ మౌనం ఒప్పుకోలు కాదని నాకు తెలుసు.

మా నీళ్ల సీసాలు చూసి అతను ముఖం చిట్లించాడు. బోరు నీళ్లు పోయొద్దన్నాడు. మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర గుర్తొచ్చింది. కారు లోపల సన్నటి గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది కదా. ఒకవేళ నిజంగా ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, పక్కకు ఆపుకోవాలట. మే నెలలో హీటరు! వినడానికి శిక్షలా ఉంది గానీ, ఇంజను వేడిలో కొంత మన మీదికి లాగుతుంది.

తిరుగు దారిలో మంగళగిరి కొండ కనబడగానే నాన్నగారు కళ్లకద్దుకున్నారు. పానకాలస్వామి పోసిన పానకంలో సగం తాగి సగం మిగులుస్తాడు. రేడియేటర్ పక్కన ఉండే ప్లాస్టిక్ డబ్బా వ్యవహారమూ అలాంటిదే. వేడెక్కి ఉబ్బిన కూలెంట్ అందులోకి పొంగుతుంది, చల్లారాక మళ్లీ వెనక్కి పోతుంది. అందుకే మట్టం ఎప్పుడు చూసినా చల్లటి ఇంజను మీదే చూడాలి. ఈ పోలిక పైకి అంటే "స్వామితో పరాచికాలా" అంటారని ఊరుకున్నాను.

ఏడింటికి ఇల్లు చేరాం. పది గంటలప్పుడు బయట కారు తలుపు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. నాన్నగారు తాళం తిప్పి, ఫోను వెలుగులో కళ్లద్దాలు పైకెత్తి చూస్తున్నారు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే థర్మామీటర్‌ను అలాగే దీపానికి ఎత్తి పట్టుకునేవారు.

"యాభై రెండుందమ్మా" అని చెప్పి పడుకోవడానికి వెళ్లారు.