డిశ్చార్జి కాగితంలో మూడక్షరాలు

మొన్న బీరువా సర్దుతుంటే మా పెద్దోడు పుట్టినప్పటి ఆస్పత్రి ఫైలు దొరికింది. స్కానింగ్ రిపోర్టుల వెనకాల మడిచి పెట్టిన డిశ్చార్జి కాగితం. ఆపరేషన్‌కి కారణం అన్నచోట మూడే మూడు అక్షరాలు, సీపీడీ. బిడ్డ తల పెద్దది, తల్లి కటి ఎముకల మధ్య దారి ఇరుకు, మామూలు కాన్పు కాదు అని దానర్థం. కింద వాడి బరువు 2.7 కిలోలు అని రాసి ఉంది. నాకైతే ఆ రోజు వరకూ ఒక్క నొప్పి కూడా రాలేదు. నొప్పులే రాని మనిషికి దారి చాలదని ఎలా తేల్చారు? ఈ ప్రశ్న అప్పుడు నాకు తట్టనే లేదు. బల్ల మీద పడుకోమన్నారు, పడుకున్నాను.

అసలు కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. అమావాస్య దగ్గర పడుతోంది, ఈలోపే పొద్దున తొమ్మిదిన్నరకి మంచి గడియ ఉందని అయ్యగారు చెప్పారు, మా మామయ్య ఆ చీటీ తీసుకెళ్లి డాక్టరమ్మకి చూపించాడు, ఆమె సరేనంది. మా అత్తమ్మ అయితే "ఎందుకు కష్టపడుడు బిడ్డా, అరగంటల అయిపోతది" అని ప్రేమగానే చెప్పింది. నాకు అప్పటికి 37 వారాలు దాటి నాలుగు రోజులు. వాడు పుట్టగానే ఊపిరి సరిగా ఆడక రెండు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. నొప్పులు మొదలైతేనే బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు ఇంకడం ఊపందుకుంటుందని, 39 వారాలు నిండకుండా ముహూర్తం పెట్టి కోసి తీస్తే ఈ ఊపిరి ఇబ్బంది ఎక్కువని నాకు ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

మాది కరీంనగర్ జిల్లా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లే, దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. దేశం మొత్తం మీద 21.5 శాతం, పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 42.4. మన ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. అదే సర్వేలో బీహార్ సర్కారు ఆస్పత్రుల్లో 100కి నాలుగు కూడా లేవు. అదీ మంచి మాట కాదు, అక్కడ ఆపరేషన్ అవసరమైన తల్లికి కూడా అందడం లేదన్నమాట. కానీ ఈ అంకెలు చూశాక "ఈ కాలం ఆడపిల్లలు నొప్పులు ఓర్చుకోరు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఊరు మారితే ఒళ్లు మారుతుందా? మారేది ఆస్పత్రి నడిచే పద్ధతి.

తొలిచూలు కాన్పుకి 12 గంటలు, 18 గంటలు పట్టడం మామూలే. అన్ని గంటలు పక్కన కూర్చునేది ఎవరు? చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఉండేది ఒక్క డాక్టరమ్మ. ఆమే ఓపీ చూడాలి, ఆపరేషన్లు చెయ్యాలి, అర్ధరాత్రి లేచి రావాలి. మత్తు డాక్టర్ బయటినుంచి వస్తాడు, ఆయన వీలైన టైమ్‌కే. బిడ్డకి ఏమైనా అయితే బంధువులు వచ్చి అద్దాలు పగలగొడతారన్న భయం ఒకటి. ఆ భయం నిజమే, నేను కాదనను. అలాంటి చోట ఎదురుచూడటం కంటే కొయ్యడమే అందరికీ తేలిక, పైగా బిల్లూ పెద్దదే. గంటకి ఒక సెంటీమీటర్ చొప్పున గర్భాశయ ముఖద్వారం తెరుచుకోకపోతే ఆలస్యం అయినట్టే అని ఎన్నో ఏళ్లు లెక్క పెట్టారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, చాలామందికి అంత వేగం ఉండదు, 5 సెంటీమీటర్ల దాకా నెమ్మదిగా సాగొచ్చు, తల్లీబిడ్డా బాగుంటే ఆ ఒక్క కారణంతో తొందరపెట్టొద్దని. ఆ మాట మా ఊరి లేబర్ రూమ్ దాకా చేరిందా అంటే నాకు అనుమానమే.

ఆపరేషనే వద్దనడం లేదు. మా వదినకి మాయ కిందికి దిగి దారికి అడ్డం పడింది, ఆ రోజు కత్తి లేకపోతే ఆమె లేదు, పిల్లా లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు పడిపోతున్నా, బొడ్డుతాడు ముందుగా జారినా ఒక్క నిమిషం ఆగకూడదు. కానీ "మెడకి పేగు చుట్టుకుంది" అని స్కానింగ్‌లో చూపించి భయపెడతారే, అది నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి ఉండేదే, అంతమాత్రాన కొయ్యక్కర్లేదు. తొలి కాన్పు దగ్గర తొందరపడితే అది అక్కడితో ఆగదు. రెండోసారి నన్ను అడగను కూడా అడగలేదు, "ముందుది ఆపరేషనే కదా" అని తేదీ రాసేశారు. సర్కారు దవాఖానల లెక్కలో కూడా ఇలా వచ్చిన రెండో కాన్పులు చాలా ఉంటాయి. కుట్లు పెరిగేకొద్దీ తర్వాతి కాన్పులో మాయ ఆ పాత కుట్ల మీద అతుక్కుపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

నా చెల్లి కాన్పుకి మాత్రం నేను పట్టుబట్టి సర్కారు మాతా శిశు ఆస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడ శిక్షణ తీసుకున్న మిడ్‌వైఫ్ ఉంది, ఇంకా చిన్నపిల్లే, పాతికేళ్లు ఉంటాయేమో. నన్ను లోపల ఉండనిచ్చింది. "పండుకోకు అక్కా, నడువు" అని చెల్లిని వరండాలో తిప్పింది, నొప్పి వచ్చినప్పుడల్లా వెనక నిలబడి రెండు అరచేతులతో నడుం మీద గట్టిగా అదిమేది. ప్రతి అరగంటకీ బిడ్డ గుండె చప్పుడు విని కాగితం మీద రాసుకునేది. మధ్యలో చెల్లి ఏడ్చింది, "నాతోని కాదు, కొయ్యమను" అంది. నాకూ టెన్షన్, డాక్టర్‌ని పిలుద్దామా అని అడిగాను. ఆ అమ్మాయి ఆ కాగితం తెచ్చి గీత మీద వేలు పెట్టి చూపించింది, "బిడ్డ మంచిగున్నడు, కిందికి దిగుతున్నడు, చూడు". నా కాగితం గుర్తొచ్చి అప్పుడే ఆమెని సీపీడీ గురించి అడిగాను. బిడ్డ తల వంచుకుని, తిరుగుతూ దిగే ప్రయత్నం చేశాకే దారి చాలుతుందో లేదో ఖాయంగా తెలుస్తుందని చెప్పింది.

పదహారు గంటలు పట్టింది. తెల్లవారుజామున బాబు పుట్టాడు, 3.2 కిలోలు. చెల్లి నాకంటే రెండంగుళాలు పొట్టి.