బాబిలోన్‌ది కాని బాబిలోన్ విల్లో

కొమ్మలు నేలదాకా వేలాడే వీపింగ్ విల్లో శాస్త్రీయ నామం సాలిక్స్ బాబిలోనికా. తీరా చూస్తే దాని పుట్టిల్లు చైనా! బైబిల్ కీర్తనలోని బాబిలోన్ చెట్లు ఇవేననుకుని స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఆ పేరు పెట్టేశాడు, అవేమో యూఫ్రటీస్ పాప్లర్లనే వేరే చెట్లు అయి ఉంటాయని ఇప్పుడంటున్నారు. అయినా పేరు మార్చరు, ముందు పెట్టినదానిదే హక్కు.

రెంటినీ విడదీయడం సులువే, మొగ్గ చూడండి: విల్లోకి టోపీలా ఒకే పొలుసు, పాప్లర్‌కి ఒకదానిమీద ఒకటి చాలా. తలనొప్పంతా ఏది ఏ విల్లో జాతో గుర్తుపట్టడంలోనే. 400కు పైగా జాతులు, ఇట్టే సంకరమైపోతాయి, ఆడ చెట్టు వేరు మగ చెట్టు వేరు, పైగా చాలావాటికి పూలు ముందొచ్చి ఆకులు తర్వాత వస్తాయి కాబట్టి రెండూ చూడటానికి అదే చెట్టు దగ్గరికి రెండుసార్లు వెళ్లాలి. నేనొకసారి కొమ్మకి గుర్తు కట్టడం మర్చిపోయా. రెండోసారి వెళ్తే అన్నీ ఒకేలా ఉన్నాయి!