ఇంట్లో ఉండే ఫోను

పిల్లలకు ఫోన్ ఇచ్చే ముందు తల్లిదండ్రులు ఏం చేయాలో చెప్పే వీడియోలు చాలానే చూశాను. అన్నింట్లోనూ మొదటి మాట ఒకటే: "మీ పిల్లల ఫోన్‌లో ఈ సెట్టింగ్ పెట్టండి." పిల్లల ఫోనట! వరంగల్ కాశిబుగ్గలో మా గల్లీలో చిన్నపిల్లలకు వేరే ఫోన్ ఉన్న ఇల్లు ఒక్కటి కూడా నాకు తెలియదు. మాకు ఉన్నవి రెండు. ఒకటి పొద్దున్నే మా ఆయనతో పాటు ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది, చీకటి పడితే గానీ తిరిగి రాదు. రెండోది నాది. పిల్లలకు దొరికేది అదే.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. కస్టమర్లు డిజైన్ పంపేది ఆ ఫోన్‌కే, డబ్బులు వేసేది దానికే, స్కూల్ గ్రూప్‌లో హోంవర్క్ వచ్చేదీ దాంట్లోనే. సాయంత్రమైతే నాలుగో తరగతి చదివే మా బాబు మగ్గం పక్కన జంపఖానా మీద వెల్లకిలా పడుకుని గేమ్ వీడియోలు చూస్తుంటాడు. నేను జర్దోసి కుడుతుంటాను. మధ్యలో "అక్కా, బోట్ నెక్ వద్దు, వెనక డోరీ పెట్టు" అని మెసేజ్ పడుతుంది. వాడు బొటనవేలితో దాన్ని పైకి నెట్టేస్తాడు. "ఎవరిది రా?" అంటే "ఏమో, బ్లౌజ్ ఆంటీ" అంటాడు. నాకు వచ్చే మెసేజ్‌లన్నీ బ్లౌజ్ ఆంటీలవే, ఇక నాకేం తెలుస్తుంది!

యూట్యూబ్ తెరిస్తే ముగ్గురివీ కలగలిసి ఉంటాయి. నా వెనక మెడ డిజైన్లు, పాప లెక్కల పాఠాలు, వాడి దయ్యాల వీడియోలు, ఫ్రీ ఫైర్. అకౌంట్ మాత్రం నాది. అంటే కంపెనీ వాళ్ల లెక్కలో ఆ దయ్యాలను చూస్తున్నది 38 ఏళ్ల ఆడమనిషి. అందుకని యాడ్లు కూడా ఆ వయసుకు తగ్గట్టే వస్తాయి: లోన్ యాప్‌లు, బరువు తగ్గే పొడులు. ఒకరోజు మావాడు "మమ్మీ, మనకు లోన్ కావాల్నా? అయిదు నిమిషాల్ల ఇస్తరంట" అని అడిగాడు. నవ్వొచ్చింది, భయమూ వేసింది.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా అకౌంట్లు బంద్ అని వార్త వచ్చినప్పుడు, మన దగ్గర కూడా అట్ల చేస్తే బాగుండు అని మా గల్లీ ఆడవాళ్లు అనుకున్నారు. మన దేశంలోనూ 2023లో చేసిన డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండని వాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి, వాళ్లేం చూస్తున్నారో గమనించి దాన్ని బట్టి యాడ్లు చూపించకూడదు. మంచిదే. కానీ నా అకౌంట్‌లో చూస్తున్నంతసేపు మావాడు ఆ లెక్కలోకే రాడు కదా.

అట్లాగని ఫోన్ గుంజుకోవాలని నాకు లేదు. 2020 సెప్టెంబర్ 1న సర్కారు బళ్ల పిల్లలకు టీవీ పాఠాలు మొదలైనప్పుడు మా పాప మూడో తరగతి. దూరదర్శన్ యాదగిరిలోనో టీ-శాట్‌లోనో పాఠం తప్పిపోతే ఫోన్‌లో వెతుక్కునేది. అప్పుడు మొదలైన అలవాటు. ఇప్పుడు నాకు రాని కుట్టు ఏదైనా ఉంటే అదే వెతికి, స్లోగా పెట్టి చూపిస్తుంది. నేను చిన్న సర్టిఫికెట్‌కు కూడా మీసేవ దగ్గర నిలబడి "ఇది జర నింపి పెట్టరాదు అన్నా" అని బతిమాలుతాను. రేపు దీని డిగ్రీ సీటు కూడా డిగ్రీ అడ్మిషన్ల సైటు దోస్త్‌లోనే, ఆన్‌లైన్‌లోనే. నాలాగ ఇంకొకరి ముందు నిలబడకూడదని నా ఆశ.

పాపతో నా టెన్షన్ వేరే. కస్టమర్లకు జవాబు పెట్టేది అదే కాబట్టి ఫోన్ లాక్ దానికి తెలుసు. మా పుట్టింటి వాట్సాప్ గ్రూప్‌లో భూమి పంపకం మీద మా అన్నదమ్ములు అన్న మాటలన్నీ నాకంటే ముందు అదే చదివింది. రెండు రోజులు మేనమామతో మాట్లాడలేదు. దీనికి ఏ సెట్టింగ్ ఉంది చెప్పండి.

బాబుకైతే ఒకటి పనికొచ్చింది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర స్క్రీన్ పిన్నింగ్ అనో యాప్ పిన్ అనో ఉంటుంది. ఒక యాప్ తెరిచి, తీసేటప్పుడు లాక్ అడిగేలా పిన్ చేసి ఇస్తే, లాక్ నంబర్ కొడితే తప్ప వేరే యాప్‌లోకి పోలేడు. యూట్యూబ్ కిడ్స్ పెట్టి అట్లా పిన్ చేసి ఇస్తున్నాను. "ఇది చిన్నపిల్లలది" అని అలుగుతాడు. నువ్వు పెద్దమనిషివా మరి?

ఫోన్‌పే పిన్ మాత్రం ఇద్దరికీ చెప్పలేదు. డబ్బులు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదని, అట్లా ఎవరైనా అడిగితే మోసమని పాపకు బాగా తెలుసు. కొలతల నోట్‌బుక్ అట్ట మీద 1930 అని పెద్దగా రాసింది. డబ్బులు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన సైబర్ క్రైమ్ నంబర్ అది.

పదో తరగతి అయినంక పాపకు ఫోన్ కొనిద్దామని మా ఆయన అంటున్నాడు. నాది ఒకటే షరతు: అకౌంట్ దాని పేరు మీదే ఉండాలి, పుట్టిన తారీఖు నిజమైనదే పెట్టాలి. నిజం వయసు పెడితేనే ఇన్‌స్టాలో టీన్ అకౌంట్ అవుతుంది, ఎవరు పడితే వాళ్లు మెసేజ్ పెట్టడానికి ఉండదు. పాప మొఖం మాడ్చుకుంది. "మా క్లాసుల ఇన్‌స్టా ఉన్నోళ్లందరికీ ఇరవై ఏండ్లు దాటినయ్ మమ్మీ. నేనొక్కదాన్నే చిన్నదాన్నా?"

"ఇరవై దాటితే సంబంధాలు చూడాలె మరి" అన్నాడు వాళ్ల డాడీ అన్నం కలుపుకుంటూ. తండ్రీబిడ్డలు ఒకటే నవ్వు. షరతు మాత్రం నేను వదల్లేదు.