పాలకమండలిలో ఒక నర్సు: నా అనుభవం

ఇరవై రెండేళ్లు వార్డుల్లో పనిచేసిన నన్ను ఒక ఆసుపత్రి పాలకమండలి సభ్యత్వానికి దరఖాస్తు చేయమని మా పాత నర్సింగ్ సూపరింటెండెంట్ గారు ప్రోత్సహించినప్పుడు, అది డాక్టర్లూ లాయర్లూ వ్యాపారులూ కూర్చునే చోటు కదా అని వెనుకాడాను. నిర్ణయాలు జరిగే ప్రతి స్థాయిలోనూ, పాలకమండళ్లతో సహా, నర్సులు ఉండాలని అమెరికాలో ఆరోగ్య విషయాలపై సలహాలిచ్చే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే సంస్థ 2010లోనే సూచించిందనీ, 2020 నాటికి 10,000 మంది నర్సులను రకరకాల మండళ్లలోకి తీసుకురావాలన్న లక్ష్యంతో 2014లో అక్కడ ఒక కూటమి ఏర్పడిందనీ ఆవిడే చెప్పారు.

నాకు జీతమిచ్చే యాజమాన్యాన్నే మండలి సభ్యురాలిగా నిలదీయడం కుదరదు కనుక వేరే ఆసుపత్రికి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో, సంస్థ ప్రయోజనానికీ నర్సుల కోరికకూ పొత్తు కుదరనప్పుడు ఎటు ఓటు వేస్తారని అడిగారు. మండలిలో ఎవరూ తమ వృత్తికి ప్రతినిధులు కారని, రోగులకూ సంస్థకూ మేలైనదే చూడాలని నాకు అప్పుడే బోధపడింది. ఆ మాట జీర్ణించుకోవడానికి నిజంగా చాలా రోజులు పట్టింది.

చేరాక అన్నిటికన్నా కష్టపెట్టినవి ఆర్థిక పత్రాలు. లెక్కలు తెలిసిన స్నేహితురాలి పక్కన మూడు ఆదివారాలు కూర్చున్నాక గానీ, కాగితం మీద లాభం కనిపించినా చేతిలోని నగదు ఎన్ని రోజుల ఖర్చుకు సరిపోతుందన్నది వేరే లెక్క అని తెలియలేదు.

మొదటి సమావేశంలో, రోగులు కిందపడిన ఘటనలను వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి ఒక రోజు ఆసుపత్రిలో ఉంటే అది ఒక రోగి-దినం) ఎన్ని అన్న లెక్కలో చూపే గ్రాఫు తెర మీదికి వచ్చింది. గీత నిలకడగా ఉందని అందరూ తర్వాతి అంశానికి వెళ్లబోతుంటే, వాళ్లు ఏ వేళలో పడ్డారు, బాత్రూముకు వెళ్తూ పడినవారు ఎందరు అని అడిగాను. సమాధానం ఎవరి దగ్గరా లేదు. రాత్రి డ్యూటీలో ఏం చేయాలో కూడా చెప్పబోయాను కానీ, పరిష్కారం చూడటం యాజమాన్యం పని అనీ, ప్రశ్న వేసి జవాబు వచ్చేదాకా వదలకపోవడం మన పని అనీ అధ్యక్షులు నెమ్మదిగా గుర్తుచేశారు. చేతులతో పని చేయడానికి అలవాటుపడిన మనిషికి ఆ హద్దు పాటించడం తేలిక కాదు.

తర్వాతి త్రైమాసిక నివేదికలో గ్రాఫు కింద వేళల పట్టిక వచ్చింది. రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఉన్న గడి మీద ఈసారి అందరి చూపూ ఆగింది.