నా ఫిర్యాదుకు ఒకటో నంబరు

ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తుండగానే నా చూపు క్రమంగా మసకబారింది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చిన మరుసటి ఏడాది సూపరింటెండెంట్ పదోన్నతి ప్యానెల్‌లో నాకన్నా జూనియర్ల పేర్లు ఉన్నాయి, నాది లేదు. కారణం అడిగితే, ‘పాపం, మీకెందుకండీ ఆ శ్రమ’ అన్నారు. ఆ ‘పాపం’ అన్నమాట చట్టం దృష్టిలో ఏమవుతుందో తెలుసుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

మొదట రాసిన ఫిర్యాదు ఎనిమిది పేజీలు వచ్చింది; అందులో బాధ ఉంది గాని తేదీలు లేవు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 పాఠాన్ని మా అబ్బాయి చదివి వినిపించాక, ఆ ఎనిమిది పేజీలనూ పక్కన పెట్టి ఒకటిన్నర పేజీలో మళ్లీ రాయించాను. కేవలం వైకల్యం కారణంగా పదోన్నతి నిరాకరించరాదన్న 20వ సెక్షన్‌నూ, కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కోసం నేను పెట్టుకున్న మూడు దరఖాస్తుల తేదీలనూ, వాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదన్న సంగతినీ మాత్రమే ఉంచాను.

23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి, ఒక రిజిస్టరు ఉండాలి. నమోదైన రెండు వారాల్లో విచారణ జరగాలి. మా ఆఫీసులో ఆ అధికారి ఎవరో తెలుసుకోవడానికే నాలుగు రోజులు తిరిగాను. చివరికి అటెండర్ బీరువా మీద నుంచి రిజిస్టరు దించి, దుమ్ము దులిపి, పేజీలు తిరగేసి, ‘ఇందులో ఒక్క పద్దూ లేదు సార్’ అన్నాడు. నా ఫిర్యాదుకు ఒకటో నంబరు పడింది.

రెండు వారాలకు ‘పరిశీలనలో ఉన్నది’ అని ఒక్క వాక్యం వచ్చింది. జిల్లా స్థాయి కమిటీకి వెళ్లే వీలున్నా నేను దివ్యాంగుల హక్కులు చూసే రాష్ట్ర కమిషనరుకే రాశాను. దస్త్రాలు చదవలేనివారు ఆఫీసులో సెక్షను నడపలేరని మా శాఖ విచారణలో వాదించింది. నా వల్ల ఆగిన దస్త్రం ఒక్కటి చూపమని కమిషనర్ అడిగినప్పుడు, కాసేపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు. ఆపైన మా శాఖవారు వాయిదా కోరారు.

ఈ దారిన వెళ్లేవారు ఒకటి ముందే తెలుసుకోవాలి. సాక్షులను పిలిపించడంలో కమిషనరుకు సివిల్ కోర్టు అధికారాలున్నా, ఇచ్చేది సిఫారసే. శాఖ మూడు నెలల్లో చర్య తీసుకుని తెలియజేయాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. మావాళ్లు 87వ రోజున ఒప్పుకున్నారు. పదోన్నతి ఉత్తర్వు కంటే వారం ముందే స్క్రీన్ రీడర్ వచ్చింది కనుక, ఆ ఉత్తర్వును నేనే, ఎవరి సాయమూ లేకుండా, విన్నాను.