మూడొందల మందికి పాన్‌కేకులు: మా పిల్లల సాకర్ టీమ్ కోసం చేసిన ఫండ్‌రైజర్

మా అమ్మాయి ఆడే సాకర్ టీమ్ పన్నెండేళ్ల లోపు ఆడపిల్లలది. వేసవిలో పక్క రాష్ట్రంలో జరిగే టోర్నమెంటుకు టీమ్ ఎంపికైందని తెలిసి ఆ రోజంతా సంబరపడ్డాం. తర్వాత మేనేజరు ఖర్చుల చిట్టా పంపింది. విమానం, హోటల్, ప్రవేశ రుసుము అన్నీ కలిపి చూస్తే టీమ్‌లో కొన్ని ఇళ్లకు అది మోయలేని భారమని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. సియాటిల్‌కు తూర్పున ఉన్న మా ఊళ్లలో సాఫ్ట్‌వేర్ జీతాల ఇళ్ల పక్కనే రెండేసి ఉద్యోగాలు చేసి అద్దె కట్టుకునే కుటుంబాలు కూడా ఉంటాయి. మైదానంలో పిల్లలకు ఆ తేడా తెలియదు. ఈ టోర్నమెంటు వంకతో తెలియకూడదని నా పట్టుదల. క్లబ్బు లెక్కలు చూసేది నేనే కాబట్టి పని నా మీదే వేసుకున్నాను.

ఫండ్‌రైజర్ అనగానే తలా ఒక మాట చెప్పారు. కార్లు కడుగుదామని ఒకరు, కుకీలు అమ్ముదామని ఒకరు. కోచ్ పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ పెడదామన్నాడు. అమెరికాలో ఇది పాత అలవాటే. ఫైర్ స్టేషన్లు, కివానిస్, లయన్స్ క్లబ్బులు, చర్చిలు ఏటా పెడుతుంటాయి. లెంట్ ఉపవాసాలకు ముందు వచ్చే మంగళవారం నాడు ఇంట్లో మిగిలిన గుడ్లు, పాలు, వెన్న అయిపోయేలా పాన్‌కేకులు వేసుకోవడం క్రైస్తవుల్లో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. పిండి చవక, పిల్లలూ పెద్దలూ ఇష్టంగా తింటారు, మధ్యాహ్నానికల్లా అంతా సర్దేసుకోవచ్చు. వినాయక చవితి చందాల పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగే కుర్రాళ్లను చూసి పెరిగినదాన్ని. కడుపు నిండా పెట్టి డబ్బు అడగడం అంతకన్నా బాగుందనిపించింది.

తల్లిదండ్రుల మొదటి మీటింగులోనే అసలు చిక్కు వచ్చింది. "మా అమ్మాయి నలభై టికెట్లు అమ్మితే ఆ డబ్బు మా అమ్మాయి ఖర్చులోంచే తగ్గించాలి కదండీ" అని ఒకాయన అడిగారు. వినడానికి న్యాయంగానే ఉంది, చాలామంది తలలూపారు. కానీ మా క్లబ్బు 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న సంస్థ. అలాంటి సంస్థ పేరున కూడిన డబ్బు పిల్లలందరికీ పనికి రావాలి, అమ్మినవాళ్ల పిల్లల ఖాతాలో జమ కాకూడదు. వర్జీనియాలో క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ ఇదే పని చేసింది. ఎంత అమ్మిన తల్లిదండ్రులకు అన్ని పాయింట్లు, ఆ పాయింట్లకు తగ్గట్టు వాళ్ల పిల్లల ఫీజులో కోత. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఆ క్లబ్బుకు పన్ను మినహాయింపు తీసేసింది. 2013లో టాక్స్ కోర్టు కూడా ఐఆర్‌ఎస్ చేసింది సరైనదేనని తీర్పిచ్చింది. ఆ తీర్పులోని ముఖ్యమైన పేజీలు ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాను.

చట్టం సంగతి అలా ఉంచండి. శనివారం కూడా షిఫ్టుకు వెళ్లే తల్లి ఎవరికి టికెట్లు అమ్ముతుంది? ఆఫీసులో యాభై మంది స్నేహితులున్న ఇంటి పిల్లకు ప్రయాణం ఉచితమై, నిజంగా అవసరమున్న పిల్ల ఆగిపోతే ఆ బ్రేక్‌ఫాస్ట్ దేనికి? ఈ మాట ఆ రోజు గట్టిగానే అన్నాను. చివరికి డబ్బంతా ఒకే ఖాతాలో వేసి, ప్రయాణ ఖర్చు అందరికీ సమానంగా తగ్గించాలని, అది కూడా చాలనివాళ్లు మేనేజరుకు ఒక్కరికే చెప్పాలని, పేర్లు మీటింగులో రాకూడదని తీర్మానం రాసుకున్నాం. అడిగిన ఆయనే దాన్ని బలపరిచారు. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఆ సాయంత్రమే అయిపోయిందని నా అభిప్రాయం.

హాలు కోసం ముందు స్కూలు కేఫటీరియా అడిగాం. అద్దె, మిలియన్ డాలర్ల బీమా సర్టిఫికెట్, వంటగది తెరిస్తే వాళ్ల సిబ్బందికి జీతం అన్నారు. వచ్చేదంతా దానికే పోయేలా ఉంది. సాకర్ మైదానాలకు దగ్గర్లో ఉన్న ఒక చర్చి వాళ్లు పిల్లల కోసమని హాలు, వంటగది ఊరికే ఇచ్చారు. ఆ వంటగది చూసుకునే పెద్దాయన ఏళ్ల తరబడి పాన్‌కేక్ విందులు నడిపిన మనిషి. ఆయన మమ్మల్ని పొయ్యిల దగ్గరికి కాకుండా నేరుగా కరెంటు ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇక్కడ 120 వోల్టులు. 20 ఆంపుల లైను మీద 2,400 వాట్లకు మించి లాగకూడదు. పెద్ద కాఫీ కుండ ఒక్కటే 1,500 వాట్లు, ఎలక్ట్రిక్ గ్రిడిల్, అంటే పాన్‌కేకులు కాల్చే వెడల్పాటి పెనం, ఇంకో 1,500. రెండూ ఒకే లైనులో పెడితే బ్రేకర్ పడిపోతుంది. ఏ ప్లగ్గు ఏ బ్రేకర్ కిందికి వస్తుందో ఆయన చెబుతుంటే రంగు టేపులు అంటించుకుంటూ పోయాం. పాన్‌కేకులు వేసే పెద్ద గ్యాస్ గ్రిడిళ్లు లోపల పెట్టడానికి వీల్లేదు కాబట్టి వాటిని బయట రేకుల కప్పు కింద పెట్టాలని నిర్ణయించాం. సియాటిల్లో మార్చి నెల అంటే కప్పు లేకుండా ఏదీ పెట్టుకోకూడదు.

తర్వాత కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంటు పర్మిట్. కనీసం రెండు వారాల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏం వండుతున్నాం, సరుకు ఎక్కడ కొంటాం, ఎక్కడ కలుపుతాం, చల్లటివి ఎలా చల్లగా ఉంచుతాం, అన్నీ రాయాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఫుడ్ వర్కర్ కార్డు ఆన్‌లైన్లో చిన్న పాఠం విని పరీక్ష రాస్తే వస్తుంది, పది డాలర్లు, మొదటిసారి రెండేళ్లు చెల్లుతుంది. గ్రిడిల్ దగ్గర నిలబడేవాళ్లందరి చేతా అది రాయించాం. రాసినవాళ్లకు థర్మామీటర్ ఎందుకో విడిగా చెప్పాల్సిన పని పడలేదు. సాసేజీలు 135 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పైన ఉండాలి, పాలు 41కి కింద ఉండాలి. చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉన్న అయిదు గాలన్ల గోరువెచ్చటి నీళ్ల డబ్బా, కింద బకెట్, సబ్బు, కాగితం తువ్వాళ్లు గ్రిడిళ్ల పక్కనే ఉండాలి.

అదే నెలలో విజయవాడ నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు. "పాన్‌కేకులు సరే, దోసెల పిండి నేను రుబ్బి ఇస్తానమ్మా, అల్లం పచ్చడి కూడా చేస్తాను, మనవాళ్లు ఎంతమంది వస్తారో చూడు" అన్నారు. ఇంట్లో వండింది ఇక్కడ పెట్టకూడదు, పర్మిట్ ఉన్న వంటగదిలో చేసిందే పెట్టాలని చెప్పినప్పుడు ఆమెకు మనసుకు కష్టమే అనిపించింది. "పొద్దున్నే హాలుకు వస్తాను, అక్కడే చేస్తాను, పని చెప్పు" అన్నారు. ఆ రోజు గ్లవ్స్ వేసుకుని అరటిపళ్లు, నారింజలు కోసింది ఆవిడే.

సరుకు లెక్క దగ్గర చాలామంది భయపడతారు, నిజానికి అది సులువు. నీళ్లు పోసి కలిపితే చాలు అనే రకం పాన్‌కేక్ మిక్స్ కాస్ట్‌కో అనే టోకు దుకాణంలో పది పౌండ్ల సంచుల్లో దొరుకుతుంది. ఒక సంచికి నాలుగంగుళాల పాన్‌కేకులు సుమారు రెండొందలు వస్తాయి. మనిషికి మూడు చొప్పున మూడొందల మందికి తొమ్మిదొందలు, అంటే అయిదు సంచులు. మేం ఏడు కొన్నాం, తెరవనివి తిరిగి వాడుకోవచ్చు కాబట్టి. సిరప్ గాలన్ అంటే 128 ఔన్సులు. మనిషికి రెండు ఔన్సులు చొప్పున అయిదు గాలన్లు చాలు. టేబుళ్ల మీద సీసాలు పెట్టకుండా మూత ఉన్న చిన్న కప్పుల్లో ముందే పోసి పెట్టమని ఆ పెద్దాయన చెప్పాడు. సిరప్ వృథా పోలేదు, టేబుళ్లు జిగట పట్టలేదు, పిల్లలకు చేతినిండా పని దొరికింది. అమ్మాయిలందరూ ముందు రోజు సాయంత్రం వరసగా కూర్చుని ఆ కప్పులు నింపారు.

గుడ్డు తినని మనవాళ్లు, గుజరాతీ కుటుంబాలు చాలామంది వస్తారని తెలుసు. మామూలు మిక్స్‌లో గుడ్డు ఉంటుంది. గుడ్డు లేని మిక్స్ వేరే తెచ్చి, దానికి విడిగా ఒక ఎలక్ట్రిక్ గ్రిడిల్, విడిగా గరిటెలు, ఆకుపచ్చ టేపు పెట్టాం. చికెన్ సాసేజీలు ఒక ట్రేలో, పంది మాంసం సాసేజీలు దూరంగా ఇంకో ట్రేలో, దేని పటకారు దానికే. గోధుమ, పాలు, గుడ్డు, సోయా ఎందులో ఏముందో పెద్ద అక్షరాలతో రాసి వరస మొదట్లోనే నిలబెట్టాం, ప్లేటు పట్టుకున్నాక చదివి లాభం లేదు కాబట్టి.

పాన్‌కేక్ వేయడం మన చేతులకు కొత్త. పిండి పోయగానే గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పాలనిపిస్తుంది. దోసె కాదు కదా, పోసి వదిలేయాలి, అదే పరుచుకుంటుంది. గ్రిడిల్ 375 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటే రెండు నిమిషాల్లోపే పైన బుడగలు లేచి పగులుతాయి, అంచుల మెరుపు పోతుంది. అప్పుడు ఒక్కసారే తిప్పాలి. తిప్పాక అట్లకాడతో నొక్కితే లోపలి గాలి పోయి అట్టలా అణిగిపోతుంది. పిండి కలిపేటప్పుడు కూడా ఉండలు పోయేదాకా కలపకూడదు, బఠాణీ గింజంత ఉండలు మిగిలినా కాలేటప్పుడు కరిగిపోతాయి. బాగా గిలక్కొడితే సాగుతుంది. నీళ్లు తగలగానే బేకింగ్ పౌడర్ పనిచేయడం మొదలుపెడుతుంది, అందుకని పొద్దున్నే ఒకేసారి డ్రమ్ము నిండా కలిపి పెట్టుకోకుండా, ఇద్దరు నాన్నలు లోపల చిన్న బకెట్లలో కొద్దికొద్దిగా కలుపుతూ బయటికి పంపుతూ ఉన్నారు.

శనివారం ఎనిమిది నుంచి పదకొండు దాకా అని ప్రకటించాం. ఎనిమిదింటికి పలచగా ఉంటారని, తొమ్మిది నుంచి పది లోపే సగం మంది వస్తారని పెద్దాయన ముందే హెచ్చరించాడు. అలాగే జరిగింది. మైదానంలో మొదటి మ్యాచ్ అయిపోగానే అవతలి టీమ్ వాళ్లతో సహా అందరూ ఒక్కసారి వచ్చిపడ్డారు. 36 అంగుళాల గ్యాస్ గ్రిడిల్ మీద ఒక విడతకు రెండు డజన్లు పడతాయి. పోయడం, తిప్పడం, గీకడం కలిపి నాలుగు నిమిషాలు. రెండు గ్రిడిళ్లతో గంటకు అయిదొందలకు తగ్గకుండా వచ్చాయి. కానీ వరస ఆగేది గ్రిడిల్ దగ్గర కాదు, డబ్బు కట్టే చోట. ముందే టికెట్ కొన్నవాళ్లకు ఒక ద్వారం, అప్పుడు కొనేవాళ్లకు ఇంకో ద్వారం పెట్టడం, వడ్డన టేబుల్‌కు రెండువైపులా వరసలు నడపడం వల్లే ఎవరూ విసుక్కోలేదు. పిల్లల్ని వేడి దగ్గరికి రానివ్వలేదు. జెర్సీలు వేసుకుని జ్యూస్ పోయడం, టేబుళ్లు తుడవడం, ముసలివాళ్ల ప్లేట్లు తీసుకెళ్లి ఇవ్వడం వాళ్ల వంతు. మా గోల్‌కీపర్ అమ్మాయి ఒక టేబుల్ దగ్గర నిలబడి, తను ఆపిన పెనాల్టీ గురించి చేతులు చాపి మరీ చెబుతుంటే, ఆ పెద్దవాళ్లు ఫోర్కులు పక్కన పెట్టేసి విన్నారు.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. టికెట్ పెద్దలకు పది, పిల్లలకు ఆరు డాలర్లు. మూడొందలకు కాస్త తక్కువ ప్లేట్లు వెళ్లాయి. సరుకు, పర్మిట్, కాగితం ప్లేట్ల ఖర్చు పోగా 1,400 డాలర్ల దాకా మిగిలింది. అంత శ్రమకు అది పెద్ద మొత్తమేమీ కాదు. అసలు బలం వేరే రెండు చోట్ల ఉంది. ప్రతి ప్లేటు కింద పరిచే కాగితం మీద ఊళ్లోని వ్యాపారాల ప్రకటనలు అచ్చు వేయించాం, ఒక్కోటి వంద డాలర్లు. పిల్లల పళ్ల డాక్టరు, మన తెలుగు రియల్టర్లు, బీమా ఏజెంటు, టైర్ల షాపు, ఇలా పద్ధెనిమిది మంది ఇచ్చారు. తినేంతసేపు కళ్ల ముందు ఉండే ప్రకటన కాబట్టి అడగడానికి మొహమాటం లేకపోయింది. రెండోది, మా తల్లిదండ్రుల్లో చాలామంది మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తారు. ఉద్యోగి స్వచ్ఛంద సంస్థకు ఇచ్చే ప్రతి గంట సేవకూ కంపెనీ 25 డాలర్లు ఆ సంస్థకు ఇస్తుంది. సరుకు తెచ్చిన గంటలు, పిండి కలిపిన గంటలు, గిన్నెలు కడిగిన గంటలు అన్నీ రాయించాను. వంద గంటలు దాటాయి. పాన్‌కేకుల మీద మిగిలినదానికన్నా అదే ఎక్కువ. ఇలాంటి ఏర్పాటు చాలా కంపెనీల్లో ఉంది, కానీ ఎవరో ఒకరు వెంటపడి రాయిస్తే తప్ప రాయరు. ఎవరేమనుకున్నా వెంటపడండి.

టీమ్‌లో ఒక్కరు కూడా ఆగిపోకుండా అందరూ వెళ్లారు. ఎవరికి ఎంత తగ్గిందో మేనేజరుకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

తెరవని మిక్స్ సంచి, మిగిలిన జ్యూస్ సీసాలు ఫుడ్ బ్యాంకుకు ఇచ్చేశాం. సరుకు లెక్కలు, పర్మిట్ కాగితాలు, ప్లగ్గుల పటం అన్నీ ఒక ఫోల్డరులో పెట్టి కింది వయసు టీమ్ తల్లిదండ్రులకు అందజేశాను. వాళ్లకు రాసిన చీటీలో మూడే మాటలున్నాయి: జ్యూస్ తగ్గించండి, కాఫీ ఇంకో కుండ పెట్టండి, గుడ్డు లేని గ్రిడిల్ ఇంకొకటి తెచ్చుకోండి, దాని దగ్గరే వరస పొడుగ్గా ఉంటుంది. హాలు తేదీ మాత్రం పెద్దాయన దగ్గర ఇప్పుడే రాయించుకోమని ఫోన్ చేసి చెప్పాను.